నా ఎడమ జబ్బ మీది ఐదు మచ్చలు

నా ఎడమ జబ్బ మీద ఐదు మచ్చలున్నాయి. నాలుగు ఒకచోట, మంచానికి నాలుగు కోళ్లున్నట్టు ఎదురెదురుగా ఉంటాయి. ఐదోది వాటికి బెత్తెడు కింద, బంతిలో చోటు దొరకని చుట్టంలా విడిగా కూర్చుంటుంది. బడిపంతులుగా పనిచేసినన్నాళ్లూ చొక్కా చెయ్యి పైకి మడిచి ఈ మచ్చలు చూపించి పిల్లలకు ధైర్యం నూరిపోశాను. "ఏ వయసులో వేయించుకోవాల్సిన టీకా ఆ వయసులో వేయించుకున్నవాణ్ని నేను. ఒక్కసారైనా కన్నార్పలేదు. దవాఖానలో సూది నా జబ్బను చూసి తానే వంగిపోయింది" అని చెప్పేవాణ్ని. పిల్లలు నోళ్లు తెరిచి వినేవాళ్లు. తెరిచిన ఆ నోళ్లు చూస్తే నాకు ఇంకో నాలుగు అబద్ధాలు ఆడబుద్ధయ్యేది.

ఇప్పుడు ఎనభై దాటాను. మచ్చలు ఐదు అన్నంతవరకు నిజం. మిగతాది విప్పి చెబుతాను.

నిజాం పాలన పోయిన కొత్తల్లో, నాకు ఏడేళ్లుంటాయేమో, కల్వకుర్తి దగ్గరున్న మా ఊరికి టీకాల మనిషి వచ్చాడు. ఖాకీ నిక్కరు, సైకిలు, భుజానికి తోలుసంచి. సంచిలో గాజు గొట్టాల్లో మందు, చిన్న పిడికి బిగించిన పళ్ల చక్రం ఒకటి. మందు చుక్కను జబ్బ మీద పెట్టి, దాని మీద చక్రం ఆనించి గిర్రున తిప్పేవాడు. తోలు గీరుకుపోయి మందు లోపలికి ఇంకేది. మశూచి రాకుండా వేసే టీకా అది. మా ఊళ్లో మశూచి అంటే ఎవరికీ తెలియదు, అమ్మతల్లి అనేవాళ్లు. అమ్మతల్లి రావడం, పోవడం ఆమె ఇష్టమనీ, మధ్యన ఖాకీ నిక్కరుకు ఏం పని అనీ మా అవ్వ వాదన.

బడిలో నేను చెప్పిన కథ ప్రకారం, ఆ రోజు ఊరి పిల్లలంతా జొన్నచేలల్లోకి పారిపోయారు. నేనొక్కణ్నే ఎదురెళ్లి జబ్బ చాపాను. అసలు సంగతి వేరు. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. మంద మేతకు పోయినప్పుడు కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలను ఇంటి దగ్గర పెద్ద గంప కింద కమ్మి ఉంచేవాళ్లం. సైకిలు గంట వినబడగానే అవ్వ నన్ను మెడపట్టి ఆ గంప కిందికి తోసి, పైన రోలు పొత్రం పెట్టింది.

"అవ్వా, నీ మనుమడేడి?" అని టీకాల మనిషి అడగడం లోపలికి వినిపించింది.

"మందల పొయ్యిండు కొడుకా. పొద్దుగూకినంక వస్తడు."

"మరి గంప కిందేమున్నయి?"

"గొర్రెపిల్లలు. మూడున్నయి."

ఒక పిల్ల అరిచింది. రెండోది అరిచింది. అవ్వ మూడన్నది కదా, లెక్క కుదరాలి కదా అని మూడోసారి నేను అరిచాను.

తర్వాత టీకాల మనిషి అన్నాడు, "మూడోదానికి గొంతు పట్టినట్టున్నది అవ్వా."

"అవు కొడుకా, దానికి పుట్టుకతోనే గట్లున్నది. బతుకుతదో లేదో."

సైకిలు వెళ్లిపోయింది. గంప ఎత్తేసరికి నా నిక్కరు తడిసి ఉంది. గొర్రెపిల్లల పని అని చెప్పాను. ఆ నేరం నిన్నమొన్నటి వరకు వాటి మీదే ఉంది.

ఐదో తరగతికి నన్ను కల్వకుర్తి బడికి పంపారు. అక్కడి పెద్దసారు మొదటిరోజే వరసగా నిలబెట్టి అందరి జబ్బలు చూశాడు. టీకా గుర్తు లేనివాడికి తన బడిలో జాగా లేదన్నాడు. పది రోజుల గడువిచ్చాడు. దవాఖాన పక్క వీధిలోనే ఉంది. నేను ధైర్యంగా బయలుదేరి దాని గేటు వరకు వెళ్లాను. లోపల ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. అంతే ధైర్యంగా వెనక్కి వచ్చాను.

అప్పుడు నా బుర్రకు తట్టింది నల్లజీడి. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే గింజ అది. మా ఇంట్లో గొర్రెల గిట్టలకు పుండు పడితే దాని రసమే పూసేవాళ్లు. తోలు మీద పడిందంటే బొబ్బ, మానిందంటే మచ్చ. ఆదివారం ఇంటికెళ్లి దొడ్లో ఎవరూ లేనప్పుడు గింజను వేడిచేసి, తుమ్మముల్లుతో రసం తీసి, ఎడమ జబ్బ మీద నాలుగు చుక్కలు పెట్టుకున్నాను. చక్రం పళ్లకు జడిసిన మొనగాణ్ని కదా, నిప్పులాంటి రసాన్ని నా చేత్తో నేనే పెట్టుకున్నాను.

తెల్లారేసరికి జబ్బ సొరకాయంతయింది. నాలుగు బొబ్బలు లేచి, రసి కారి, కారినచోటల్లా తోలు ఎర్రగా కందింది. చంక వాచింది. వారం రోజులు జ్వరం. నిజంగా టీకా వేయించుకున్న నా తోటివాళ్లు మర్నాడే గోలీలాడారని తర్వాత తెలిసింది. ఇంట్లో "బడిల టీకా ఏసిన్రు" అని చెప్పాను. బడిలో "ఊళ్లో వేశారు" అని చెప్పాను. రెండు ఊళ్ల మధ్య అడిగేవాళ్లెవరూ లేరు. అమ్మతల్లికి కోపం తెప్పించానని అవ్వ నన్ను చీల్చి చెండాడుతుందని భయపడ్డాను. ఆమె పుండ్ల మీద వెన్న రాసి, ఒక్క మాట అనలేదు.

పెద్దసారు కళ్లద్దాలు సర్దుకుని నా జబ్బను చూసి మురిసిపోయాడు. "శభాష్! టీకా అంటే గిట్ల పొంగాలె. సూడుండ్రి, అందరు సూడుండ్రి" అని తరగతి తరగతికీ తిప్పాడు. నా అబద్ధానికి దొరికిన మొదటి సన్మానం అది. దాని రుచి నన్ను చాలా ఏళ్లు వదల్లేదు.

పెళ్లయిన మరుసటి ఏడు మొక్కు తీర్చుకోవడానికి యాదగిరిగుట్ట జాతరకు వెళ్లాం. జనం పోగైన చోట గత్తర భయం, అంటే కలరా. బస్సు దిగిన చోటే తడికలు కట్టి, దవాఖానవాళ్లు బల్లలు వేసుకుని కూర్చున్నారు. సూది పొడిపించుకుంటేనే గుట్ట ఎక్కనిస్తారు. దేవుడికి తలనీలాల కంటే ముందు జబ్బ సమర్పించుకోవాలన్నమాట. ఆడవాళ్ల వరస వేరు, మగవాళ్ల వరస వేరు. మా ఆవిడ వెళ్లి జబ్బ ఇచ్చి వచ్చేసింది. నేను నా నాలుగు మచ్చలు చూపించాను.

"ఇవి అమ్మతల్లివి. గత్తరది వేరే. అంగీ ఇప్పు" అన్నాడు సూది పట్టుకున్నాయన.

ఇప్పుతున్నట్టే ఇప్పుతూ, వెనకనుంచి జనం తోసుకొచ్చినప్పుడు తడిక సందులోంచి జారి, సూది పొడిపించుకున్నవాళ్లలో కలిశాను. జబ్బ పట్టుకుని మూలుగుతూ నడిచాను. నా మొహం చూసి గేటు దగ్గరి జవాను, "పాపం, ఈయనకు గట్టిగ దిగినట్టున్నది, పోనియ్యుండ్రి" అని దారి ఇచ్చాడు. సూది పడిన జబ్బతో మా ఆవిడ మూట మోసింది. సూది పడని జబ్బతో నేను మూలిగాను. మెట్ల మీద కూర్చోబెట్టి కొంగుతో విసిరింది. మధ్యలో ఒకసారి నా జబ్బ దగ్గర ముఖం ఆనించి ఊరుకుంది. కొత్త పెళ్లాం ప్రేమ అనుకుని ఇంకొంచెం గట్టిగా మూలిగాను.

ఇదంతా నవ్వులాట. నవ్వులాట కానిది నాకు ఇరవై మూడేళ్లప్పుడు జరిగింది.

అప్పటికి నేను ఒక పల్లెలో ఏకోపాధ్యాయ బడికి పంతుల్ని. ఇంట్లో మా ఆవిడ, ఎనిమిది నెలల మా బిడ్డ, ముసలిదైపోయిన అవ్వ. బ్లాకులో కొత్తగా దవాఖాన పెట్టారు. అందులోంచి టీకాల సారు అనే నెమ్మదైన మనిషి సైకిలు మీద ఊళ్లు తిరిగేవాడు. ఆయన ఎక్కడికెళ్లినా ముందు నన్ను కలిసేవాడు. నేను చొక్కా చెయ్యి మడిచి నాలుగు మచ్చలు చూపించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ని, ఆయన చక్రం తిప్పేవాడు. నా జబ్బ ప్రభుత్వ ఆస్తి అయిపోయింది.

ఆ ఎండాకాలం రెండు మైళ్ల అవతలి ఊళ్లో ఒక ఇంట్లో అమ్మతల్లి పోసింది. వాకిట్లో వేపమండలు కట్టారు. టీకాల సారు ఆ ఇంటి మిగతా పిల్లలకు టీకా వేయాలని వెళ్లాడు. తోడుగా నేను. "నాకేం ఫికర్! నాలుగు టీకాలున్నవాణ్ని" అని గడప దాటి లోపలికి వెళ్లాను. చాప మీద పడుకున్న పిల్లవాడి పక్కనే గొంతుకూర్చుని వాళ్లమ్మకు ధైర్యం చెప్పాను. ఆ పిల్లవాడి ముఖం మీద వేలు పెట్టడానికి సందు లేదు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, బిడ్డను ఎత్తుకున్నాను. నా మాట నేనే నమ్మిన రోజు అదొక్కటే.

రెండు రోజుల తర్వాత మా ఊళ్లో అందరికీ టీకాలన్నారు. ఊరివాళ్లు ఒకటే మాట మీద ఉన్నారు: పంతులు బిడ్డకు వేస్తే మా పిల్లలకూ వేయిస్తాం. నేను మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను.

"రేపు పిల్లకు టీకా ఏపిద్దామే."

"ఏపిద్దాం. ముందుగాల నువ్వు ఏపిచ్చుకో."

"నాకు నాలుగున్నయి గద!"

"ఐదోది ఏపిచ్చుకో. ఏం, జబ్బ మీద జాగ లేదా?"

"ఒకపారి ఏపిచ్చుకున్న పాతోళ్లకు అవసరం లేదు."

"గా మాట సారన్నడా, నువ్వన్నవా?"

నేను పచ్చిపులుసు కలుపుకున్నాను. ఆమె వదల్లేదు. "నా పిల్ల ఏడుస్తాంటే పక్కపొంటి నిలబడి ధైర్యం చెప్పెటోడు నాకొద్దు. దానితోపాటు ఏడ్సెటోడు కావాలె."

"నేనేడుస్తనా? గుట్ట కాడ అంత పెద్ద సూది పొడిస్తే ఏడ్సిన్నా?"

"గుట్ట కాడ నీ అంగీకి ఇస్పిరిట్ వాసన లేదయ్యా" అన్నది ఆమె, బిడ్డ మూతి తుడుస్తూ. "నా రైకకు రెండొద్దులున్నది."

ఆ పూట పులుసు ఎలా ఉందో నాకు గుర్తులేదు. నేను జబ్బ ఇవ్వకపోతే ఆమె బిడ్డను ఇవ్వదు. ఆమె ఇవ్వకపోతే ఊరు ఇవ్వదు. అమ్మతల్లి రెండు మైళ్ల దూరంలో ఉంది. గంప కింద దాక్కునే ఈడు దాటిపోయింది.

మర్నాడు బడి అరుగు మీద ఊరంతా చేరింది. టీకాల సారుతోపాటు పై అధికారి ఒకాయన జీపులో వచ్చాడు. కృష్ణా నది అవతలి జిల్లాల మనిషి. లేచి నిలబడి, "ప్రజలారా! మశూచికమును నిర్మూలించుటకై ఆబాలగోపాలము నిర్భయముగా టీకాలు వేయించుకొనవలెను" అన్నాడు.

"ఏమంటుండు పంతులూ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఏపిచ్చుకోకుంటే సస్తరంటుండు" అన్నాను. పెద్దాయన తన భాష ఇంత త్వరగా అందరికీ అందినందుకు సంతోషించి కూర్చున్నాడు.

నేను బల్ల మీద కూర్చున్నాను. ఒళ్లో బిడ్డ. టీకాల సారు నా పాత మచ్చల కింద మందు చుక్క పెట్టాడు. "నీకు ఒకటి చాలు పంతులూ, పాతోనివి గద. రెండొద్దులు దురద పెడతది, అంతే" అని చక్రం ఆనించి తిప్పాడు.

బడిలో నేను చెప్పేటప్పుడు ఈ ఘట్టంలో చిరునవ్వు నవ్వేవాణ్ని. నిజానికి నేను పెట్టిన కేకకు అరుగు మీద పావురాలు లేచిపోయాయి. అప్పుడే ఏడుపు మొదలుపెట్టబోతున్న బిడ్డ, నన్ను ఆశ్చర్యంగా చూసి ఏడవడం మరిచిపోయింది. అదే అదనుగా సారు దానికీ వేసేశాడు.

ఊరు గొల్లున నవ్వింది. "పంతులే ఒర్లిండు, ఇగ మనం ఒర్లితే తప్పేమున్నది" అని ఒక పెద్దమనిషి చొక్కా విప్పి వరసలో నిలబడ్డాడు. అన్నాళ్లు ధైర్యం చెప్పినా కదలనివాళ్లు, నా కేక ఒక్కటి విని కదిలారు. ఆ రోజు సాయంత్రందాకా అరుగు మీద కేకలే. ఎవరూ సిగ్గుపడలేదు.

ఎనిమిదో రోజు టీకా పొంగిందో లేదో చూడటానికి సారు మళ్లీ వచ్చాడు. మా ఇంట్లో తండ్రీబిడ్డలిద్దరం ఒకే మంచంలో ఉన్నాం. ఇద్దరికీ జ్వరం. ఇద్దరి జబ్బల మీదా ఒకే తీరు పొక్కు, మధ్యలో గుంటపడి, చుట్టూ ఎర్రగా వాచి. సారు బిడ్డది చూసి, "మంచిగ పొంగింది" అని పలక మీద రాసుకున్నాడు. నాది చూశాడు. మళ్లీ బిడ్డది చూశాడు. స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

"పంతులూ, పాతోళ్లకు గిట్ల పొంగది. ఇది మొదటిసారి ఏసిన టీకా. మరి ఈ నాలుగు ఏంది?"

నేను పైకప్పు వాసాలు లెక్కపెట్టాను. మూలన కూర్చుని ఆకు నములుతున్న అవ్వ జవాబిచ్చింది. "గవి జీడి మచ్చలు సారూ. వీడే పెట్టుకున్నడు, దొడ్ల కూసొని."

"అవ్వా, నీకు తెలుసా?" అన్నాను నేను.

"పుట్టినకాడికెల్లి గొర్రెలకు జీడి పూసినదాన్ని, నాకు తెల్వదారా కొడుకా? టీకా తప్పించుకున్నవ్ గదా అని సంబురపడ్డ. నీ పుండు మీద ఎన్న రాసుకుంట లోపట నవ్వుకున్న."

సారు నవ్వలేదు. "నువ్వు నాతోని ఆ ఇంట్లకు వచ్చినవ్ గద పంతులూ" అన్నాడు నెమ్మదిగా. "చాప పక్కనే కూసున్నవ్. ఇంటికొచ్చి ఈ పిల్లనెత్తుకున్నవ్. మూడో నాడే టీకా పడ్డది కాబట్టి సరిపాయె. ఇంకో వారమైతే..."

మా ఆవిడ మంచం దగ్గరికి వచ్చి, నా పక్కలోంచి బిడ్డను తీసుకుంది. వాకిట్లోకి వెళ్లి ఎండలో నిలబడి, బిడ్డ ఒళ్లంతా తడిమి తడిమి చూసుకుంది. ఆ ఎండలో ఆమె వీపు చూస్తూ పడుకున్నాను. జీడి పెట్టుకున్న నాడు కూడా అంత మంట తెలియలేదు. ఇక్కడ నేనేమీ పెంచి చెప్పడంలేదు.

పది రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. రోజూ పొద్దున బిడ్డ ముఖం, చేతులు, అరికాళ్లు చూసేది. తర్వాత, నా వైపు చూడకుండానే, నావీ చూసేది. ఇద్దరికీ ఏమీ రాలేదు. పక్కూరి పిల్లవాడు బతికాడు, ఒక కన్ను పోయింది. మా ఊళ్లో ఎవరికీ పోయలేదు.

ఇంక సారు కష్టం ఒకటి మిగిలింది. టీకాల రిజిస్టరులో రెండు భాగాలుంటాయి: మొదటిసారి వేయించుకున్నవాళ్లు, మళ్లీ వేయించుకున్నవాళ్లు. నన్ను రెండో భాగంలో రాశాడు. ఆయన నిజాయతీపరుడు. అక్కడ కొట్టేసి మొదటి భాగంలో వరసల సందున ఇరికించాడు. ఆ భాగమంతా చంటిపిల్లలే. నా పైన మా బిడ్డ, ఎనిమిది నెలలు. నా కింద వడ్లాయన మనుమడు, ఐదు నెలలు. మధ్యలో నేను, ఇరవై మూడేళ్లు.

నెల తర్వాత జీపు పెద్దాయన తనిఖీకి వచ్చి మా బడి అరుగు మీదే కూర్చుని రిజిస్టరు చూశాడు. నా వరస దగ్గర ఎర్ర పెన్సిలు ఆగింది. "ఏమయ్యా, పసిబిడ్డల పట్టికలో ఇరవై మూడు సంవత్సరములేమిటి? ఎంత అజాగ్రత్త!" అని, సంవత్సరములు కొట్టేసి నెలలు అని దిద్ది, పక్కన సంతకం చేశాడు. సారు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. దిద్దింది ప్రభుత్వం, కాదనడానికి మేమెవరం?

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను, పది రోజుల మౌనం తర్వాత కూడా ఆమె మాటలు ఇంకా పొదుపుగానే ఉన్నాయి కాబట్టి, నవ్వించవచ్చునేమోనని.

"జీపు సారు సరిగ్గనే దిద్దిండు" అన్నది. నవ్వలేదు గానీ, బిడ్డను నా ఒళ్లో పెట్టి నీళ్లకు పోయింది.

ఆ తర్వాత ఎన్ని జాతరలకు వెళ్లినా, ఎన్నిసార్లు టీకాలని పిలిచినా, అన్నింటికీ జబ్బ ఇచ్చాను. అన్నింటికీ కేక పెట్టాను. దవాఖాన నుంచి ఇంటికొస్తే మా ఆవిడ నన్ను గడప దగ్గరే ఆపి, అంగీ చెయ్యి ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూస్తుంది. ఆ తర్వాతే మంచినీళ్లు.